వెనక సీట్లోంచి సిగ్నల్

నా ఉద్యోగం గూడ్సు రైళ్లను గుద్దించడం. హైటెక్ సిటీలో, ఏసీ గదిలో, మధ్యలో భోజన విరామంతో. మా కంపెనీ ఎక్కడో ఎడారి దేశంలో ఖనిజం మోసే రైల్వే లైన్లకు సిగ్నలింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. రాసేవాళ్లు వేరే. వాళ్లు రాసిందాన్ని పట్టుకుని, కంప్యూటర్ తెర మీద రెండు గూడ్సులను ఒకే పట్టాల మీదికి ఎలాగైనా తీసుకురావడానికి నానా తంటాలూ పడేదాన్ని నేను. సిగ్నల్ ఆపేస్తే వాళ్లు గెలిచినట్టు. గుద్దుకుంటే నేను గెలిచినట్టు. ఒక ఏడాది అప్రైజల్లో మా మేనేజర్ చాలా మర్యాదగా, "ఈ ఏడు మీరు సరిపడా యాక్సిడెంట్లు చేయలేదండీ" అన్నాడు. వచ్చే ఏడు బాగా చేస్తానని మాటిచ్చాను.

మా ఆయన ఉద్యోగం గూడ్సు రైళ్లను గుద్దుకోకుండా నడపడం. ఆయన లోకో పైలట్. పాత రోజుల్లో డ్రైవరనేవాళ్లు, పేరు మారింది, బొగ్గు మారలేదు. డ్యూటీ దిగి ఇంటికొచ్చి, చొక్కా మార్చుకుని, కంచం ముందు కూర్చుని, "ఇయ్యాల ఎన్ని గుద్దించినవే?" అని అడిగేవారు. నేను చెప్పేదాన్ని. ఆయన మెల్లగా తల పంకించి పప్పు కలుపుకునేవారు. మేమిద్దరం ఒకరి పనిని ఇంకొకరం పెద్దగా గౌరవించినట్టు గుర్తు లేదు.

మాది ఏలూరు వైపు. ఆయనది నార్సింగి. ఇవాళ నార్సింగి అంటే మేడలే కనిపిస్తాయి గానీ, ఆయన పుట్టినప్పుడు అక్కడ జొన్న చేలు. ఆయన అక్క కుటుంబం ఇప్పటికీ అక్కడే, ఆ మేడల నీడలో పాత ఇంట్లోనే ఉంటోంది. మేం మూసాపేటలో ఉంటాం. పెళ్లయి ఇన్నేళ్లయినా నేను "అండీ" మానలేదు, ఆయన "ఏందే" మానలేదు.

ఇక్కడ సిగ్నల్ సంగతి కొంచెం చెప్పాలి. చాలామంది అనుకున్నట్టు ఎవరో కూర్చుని రైలును చూసి రంగు మార్చరు. సిగ్నల్‌కు కళ్లు లేవు. పట్టాల్లో కొద్దిపాటి కరెంటు పారుతూ ఉంటుంది. అది అవతలి కొసకు చేరినంతసేపూ దారి ఖాళీగా ఉన్నట్టు లెక్క. రైలు వచ్చి చక్రాలు ఆ పట్టాల మీద పడితే, కరెంటు ఆ చక్రాల ఇనుములోంచి అడ్డంగా దాటిపోయి అవతలికి చేరదు. వెంటనే ఆ రైలు వెనకున్న సిగ్నల్ ఎర్రబడుతుంది. అయితే వైరు తెగినా, పట్టా విరిగినా, బ్యాటరీ దిగిపోయినా కూడా కరెంటు అవతలికి చేరదు. అప్పుడూ ఎరుపే. ఎదురుగా రైలున్నా, తన ఒంట్లో బాగా లేకపోయినా దాని జవాబు ఒక్కటే. దీన్ని కనిపెట్టినవాడెవడో మహా పిరికివాడై ఉంటాడనీ, అలాంటివాళ్లు ఇంకొంతమంది ఉంటే బాగుండుననీ నాకు అనిపిస్తుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, బొగ్గు నింపిన గూడ్సు బ్రేకు వేసిన చోట ఆగదు. ఎక్కడో కిలోమీటరు అవతల, దానికి తోచిన చోట ఆగుతుంది. అందుకే డ్రైవరుకు ముందుగా కబురందాలి. ఆకుపచ్చ అంటే వెళ్లు. రెండు పసుపులంటే ముందు జాగ్రత్త. ఒక్క పసుపంటే తరవాతిది ఎరుపు, ఇప్పటినుంచే ఆగే పనిలో ఉండు. ఆ ఎరుపుకు అవతల ఇంకో గూడ్సు నిలబడి ఉండొచ్చు. దాని తోక కంటికి కనిపించాక చేయగలిగింది ఏమీ లేదు. "ఆ టైముకు బ్రేకు కొట్టుడంటే దండం పెట్టినట్టే. మన తృప్తికి" అనేవారు మా ఆయన.

కాబట్టి ఇంజన్లో ఇద్దరుంటారు, లోకో పైలట్, అసిస్టెంట్. సిగ్నల్ కనబడగానే ఒకరు దాని వైపు చెయ్యెత్తి రంగు గట్టిగా చెప్పాలి. రెండోవారు తన కళ్లతో చూసి తన నోటితో మళ్లీ చెప్పాలి. మొత్తం దారంతా, ప్రతి సిగ్నల్‌కూ, ఎండలో, వానలో, ఎవరూ వినకపోయినా. ఇది రూలు. ఎన్నో ఏళ్లు అలా అరిచాక అది రూలుగా ఉండదు, ఒంటబడుతుంది.

మా ఆయన దాన్ని స్కూటర్ మీదికి తెచ్చారు. ఆయన నడుపుతారు, వెనక సీట్లో కూర్చున్నదాన్ని నేను అసిస్టెంటు. సైబర్ టవర్స్ దగ్గరికి వస్తుంటే ఆయన చెయ్యెత్తి "రెడ్!" అనేవారు. నేను హెల్మెట్‌లోంచి "రెడ్!" అనాలి. మెడలో ఐడీ కార్డులు వేలాడేసుకున్న పిల్లలు పక్క బైకుల మీదినుంచి మమ్మల్ని చూసేవాళ్లు. ఆయన్ని కాదు, నన్ను, జాలిగా. ఒకసారి ఒళ్లుమండి నేను నోరు మూసుకున్నాను. సిగ్నల్ ఆకుపచ్చ అయింది. ఆయన "గ్రీన్" అన్నారు. నేను పలకలేదు. ఆయన కదల్లేదు. వెనక కార్లన్నీ ఒక్కసారి హారన్లు మొదలుపెట్టాయి. "రిపీట్ జెయ్యి" అన్నారు, వెనక్కి తిరక్కుండా. చేశాను. ఆ తరవాత ఎన్నడూ మానలేదు.

ఊళ్లో సిగ్నళ్లంటే ఆయనకు చిన్నచూపు. సెకన్లు లెక్కపెట్టి చూపించేవంటే మరీను. "లెక్క జూపెట్టుడేందే? సిగ్నల్ అన్నంక మనిషి జర పరేషాన్ గావాలె" అనేవారు.

ఆయనకు ఉన్న కోరిక ఒక్కటే, ప్యాసింజరు బండి నడపడం. గూడ్సు నుంచి ప్యాసింజరుకు పోవడం వాళ్లలో పెద్ద మెట్టు. బొగ్గు, సిమెంటు, ఎరువులు జీవితమంతా మోశారు. వాటిలో ఏదీ ఊరు చేరాక దిగి ఇంజన్ వైపు ఒక చూపు చూడదు. "మనుషులను దీస్కపోవాలె ఒక్కసారన్న" అనేవారు. మొదటి రోజు నేను ఇంజను పక్క పెట్టెలో ఎక్కాలని కూడా మాట తీసుకున్నారు. సీనియారిటీలో ఆయన వంతు వచ్చేసింది. మామూలుగా జరిగే కళ్ల పరీక్ష ఒకటి మధ్యలో ఉంది. దాన్ని మేమెవరం లెక్కలోకి తీసుకోలేదు.

ఆ రోజుల్లోనే మా ఆఫీసులో ఒక విచిత్రం జరిగింది. రైలు సిగ్నల్ నడిపే కంప్యూటర్ ఒక్కటి ఉండదు, రెండు ఉంటాయి. రెండూ విడివిడిగా లెక్క కట్టాలి. ఇద్దరి జవాబూ ఒకటైతేనే ఆకుపచ్చ ఇవ్వాలి. ఏ కొంచెం తేడా వచ్చినా, ఎవరిది ఒప్పో తేల్చే పని పెట్టుకోకుండా ఎరుపు వేసేయాలి. ఇంజన్లో ఇద్దరు అరవడానికీ దీనికీ తేడా లేదు. ఆ వారం నేను పెట్టిన పరీక్షలన్నీ పాసయ్యాయి. ఒక్క తేడా లేదు. డెవలపర్లు కేకు తెప్పించారు. నాకు ఆ కేకు సయించలేదు. ఎంత బాగా రాసినా రెండు కంప్యూటర్లు సరిగ్గా ఒక్క పద్ధతిలో, అస్తమానం మొదటిది చెప్పాకే రెండోది, ఇంత పొందికగా చెప్పవు. కాపురాల్లో కూడా అంత పొందిక ఉండదు. అనుమానమొచ్చి మొదటిదానికి కావాలని ఒక అబద్ధం అందించాను, రైలున్న దారిని ఖాళీ అని చెప్పాను. రెండోదానికి నిజమే అందుతోంది. అయినా అది మొదటిదాని జవాబే చెప్పింది. అది లెక్క కట్టడమే లేదు. మొదటిది ఏమంటే అదే అని కూర్చుంటోంది. తెర మీద రెండు గూడ్సులు ఒకదానిలో ఒకటి దూరిపోయాయి. అందరూ నన్ను మెచ్చుకున్నారు. రెండు కంప్యూటర్లు కొని ఒక్కదానితోనే రైళ్లు నడుపుతున్నామని మేనేజర్ పై వాళ్లకు ఉత్తరం రాశాడు.

ఆ సాయంత్రం మా ఆయనకు రెస్టు. నన్ను తీసుకెళ్లడానికి ఆఫీసు దగ్గరికి వచ్చారు. జేఎన్‌టీయూ వైపు వెళ్తున్నాం. ముందు సిగ్నల్ కనిపించింది. ఆయన ఏమీ అనలేదు. నేను "రెడ్" అన్నాను. ఆయన చెయ్యెత్తి "రెడ్" అన్నారు. ఇంకో సిగ్నల్. నేను "గ్రీన్" అన్నాను. ఆయన "గ్రీన్" అన్నారు. మూసాపేట చేరేదాకా ఒక్కసారి కూడా ఆయన ముందు పలకలేదు. ఎప్పుడు తిరగబడిందో తెలియదు. ఇన్నేళ్లూ ఆయన చెప్తే నేను తిరిగి చెప్పేదాన్ని. ఎప్పటినుంచో నేను చెప్తుంటే ఆయన తిరిగి చెబుతున్నారు. ఇంటికెళ్లి చారు పెట్టాను, అందులో ఉప్పు వేయడం మరిచిపోయాను. ఆయన అలాగే తిన్నారు.

అడిగితే ఏమంటారో నాకు తెలుసు. "మంచిగనే కానొస్తుంది" అంటారు. అడగడం నా వృత్తి కాదు. అబద్ధం అందించి చూడటం నా వృత్తి.

ఆదివారం పొద్దున్నే నార్సింగిలో వాళ్లక్క ఇంటికి బయల్దేరాం. ఆదివారం ఆ వేళప్పుడు ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు రోడ్లు చూడాలి. అంత వెడల్పు రోడ్ల మీద కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. సిగ్నళ్లు మాత్రం ఎవరి కోసమో ఎర్రబడుతూ, పచ్చబడుతూ ఉంటాయి. ఎండ మాకు ఎదురుగా ఉంది. దూరంగా ఒక సిగ్నల్ కనిపించింది. అటూ ఇటూ చూశాను. ఏ పక్కనుంచీ ఒక్క బండి రావడం లేదు. సిగ్నల్ ఎరుపు.

"గ్రీన్" అన్నాను.

ఆయన చెయ్యెత్తారు. "గ్రీన్" అన్నారు. స్కూటర్ వేగం తగ్గలేదు. ఇప్పుడు చూస్తారు, ఇప్పుడు చూస్తారు అనుకుంటూ ఆయన వీపు వైపే చూస్తున్నాను. స్కూటర్ తిన్నగా పోతూనే ఉంది. తెల్ల గీత దగ్గరపడుతుండగా ఆయన భుజం మీద గట్టిగా చరిచి, "ఆపండి, ఎరుపండీ" అని అరిచాను. ఆపారు. గీత దాటేశాం. మా పక్కనుంచి ఒక కుక్క తాపీగా రోడ్డు దాటింది.

ఆయన హెల్మెట్ తీశారు. సిగ్నల్‌ను కళ్లు చికిలించి చూశారు. చాలాసేపు చూశారు.

"గ్రీన్ అన్నవ్ గదనే" అన్నారు.

"అన్నాను. మీకేం కనిపించింది?"

"ఎండ గొడుతున్నది. నువ్వు చెప్పినవ్. నువ్వు తప్పు జెప్తవా?"

"చెప్పాను గదండీ ఇప్పుడు."

అప్పుడర్థమైంది ఆయనకు. ముఖం నల్లబడింది. "నాకు పరీక్ష వెడుతున్నవా? నీ ఆఫీసుల ఆడే ఆటలు నా మీద ఆడుతున్నవా?" అన్నారు. అంత కోపం ఆయనలో నేనెప్పుడూ చూడలేదు. నేనూ తగ్గలేదు. ఇంజన్లో కూడా ఇలాగే జరుగుతోందా అని అడిగాను. మళ్లీ అడిగాను.

"అసిస్టెంట్ కండ్లు మంచిగున్నయ్" అన్నారు చివరికి. "ఆడు జెప్తడు. నేను రిపీట్ జేస్త. దగ్గరికొచ్చినంక నాకూ కానొస్తది. ఎర్రది, పసుపుది దూరంకెళ్లి ఒక్కతీరు గొడుతున్నయ్. అంతే. ఫికర్ లేదు."

"అయితే ఇంజన్లో మీరు ఇద్దరు కాదు, ఒక్కరే" అన్నాను. "అతను ఒక్కసారి పొరపాటు పడితే మీరూ అదే పొరపాటు గట్టిగా అరుస్తారు. ఎదురుగా నిలబడి ఉన్న బండి చివరి పెట్టెలో గార్డు ఏమైపోతాడు? రేపు మీ వెనక ప్యాసింజరు పెట్టెలుంటే వాళ్లేమైపోతారు?"

"ఇగ ప్యాసింజర్ ఆర్డర్ వచ్చే టైముల గిట్ల మాట్లాడుతున్నవ్" అన్నారు. "గింతకాలం బొగ్గు మోసినా."

నాకు ఏడుపొచ్చింది. అయినా అన్నాను. ఆయనకు తరవాతి డ్యూటీ మంగళవారం. ఆ లోపల ఆయనే దవాఖానకు వెళ్లాలి. వెళ్లకపోతే నేనే వాళ్ల ఆఫీసుకు ఫోన్ చేసి చెబుతాను. మొగుడి మీద పెళ్లాం ఇలాంటి ఫిర్యాదు చేయొచ్చో లేదో నాకు తెలియదు, కానీ చేస్తానని చెప్పాను. నేను చేసింది తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. సిగ్నల్ ఆకుపచ్చ అయింది, మళ్లీ ఎరుపైంది. మేం అక్కడే నిలబడి ఉన్నాం. నార్సింగి వెళ్లాం. వాళ్లక్క మటన్ వండింది. ఇద్దరం బాగుందన్నాం.

ఆ రోజంతా ఆయన నాతో మాట్లాడలేదు. సోమవారం పొద్దున లేచి, స్నానం చేసి, డ్యూటీకి వెళ్లేటప్పుడు వేసుకునే చొక్కా వేసుకుని, "వస్తవా?" అన్నారు. ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్లాను. మెట్రోలో వెళ్లాం.

రైల్వే దవాఖానలో కళ్ల పరీక్ష గది చీకటిగా ఉంటుంది. ఒక చివర ఒక పెట్టె, దానికి సూది బెజ్జం కన్నా కాస్త పెద్ద కన్నం. లోపల దీపం. రంగు అద్దాలు మారుస్తుంటే ఆ చుక్క రంగు మారుతుంది. రాత్రిపూట దూరంనుంచి సిగ్నల్ ఎలా కనబడుతుందో అలా. నన్ను లోపలికి రానివ్వలేదు. గుమ్మానికి తలుపు లేదు, పరదా ఉంది. పరదా పక్కనుంచి నాకు ఆ చుక్క కనిపిస్తూనే ఉంది. డాక్టరుగారు పెద్దాయన, నెమ్మదస్తుడు. ఆయనది మా వైపు మాట.

మొదటి చుక్క. "గ్రీన్" అన్నారు మా ఆయన, గట్టిగా. గ్రీనే. నా ప్రాణం లేచొచ్చింది. పరీక్ష పెట్టమన్నదాన్ని నేనే, పాస్ కావాలని మొక్కుకుంటున్నదాన్నీ నేనే.

రెండో చుక్క పసుపు.

ఆయన పలకలేదు.

"కనిపిస్తోందాండీ?" అన్నారు డాక్టరుగారు.

"వెల్తురు కానొస్తుంది సార్."

"ఏ రంగు?"

నా నోట్లో ఆ మాట సిద్ధంగా ఉంది. ఇన్నేళ్ల అలవాటు, నాలుక దానంతటదే లేస్తోంది. చిన్నగా అంటే చాలు, డాక్టరుకు వినపడదు, ఆయనకు వినపడుతుంది. ఆయన తిరిగి చెబుతారు. ప్యాసింజరు ఆర్డరు వస్తుంది. ఇంజను పక్క పెట్టెలో నేనెక్కుతాను. చున్నీ కొస నోట్లో కుక్కుకున్నాను. ఆయన మెడ కొంచెం పరదా వైపు తిరిగినట్టు నీడలో కనిపించింది. నేను అక్కడున్నానని ఆయనకు తెలుసు. మళ్లీ ముందుకు తిరిగారు.

"తొందరేం లేదు. అందాజుగా చెప్పండి, పర్లేదు. చాలామంది అలాగే చెబుతారు" అన్నారు డాక్టరుగారు. మంచితనంతోనే అన్నారు.

మా ఆయన చెయ్యెత్తారు. "రెడ్" అన్నారు.

అద్దం మారింది. ఆకుపచ్చే, కానీ ఈసారి బాగా చిన్న చుక్క. "రెడ్."

మళ్లీ పసుపు. "రెడ్."

డాక్టరుగారు ఆపారు. "అదేమిటండీ, అన్నిటికీ రెడ్ అంటున్నారు? అన్నీ రెడ్‌గా కనిపిస్తున్నాయా?"

"లేదు సార్. సాఫ్‌గ కానొస్తలేవు" అన్నారు మా ఆయన. "కానరాకుంటె రెడ్డే లెక్క సార్. బండి ఆపాలె. గట్లనే నేర్పిండ్రు."

డాక్టరుగారు లేచి గదిలో లైటు వేసి, ఆయన కళ్లలోకి పరికరం పెట్టి చూశారు. ఆయనకున్న షుగరు జబ్బు కంటి వెనక పొరను పాడుచేసిందనీ, మందులతో అక్కడికక్కడ ఆపగలం గానీ పోయింది తిరిగి రాదనీ, ఇక లైన్ మీద బండి నడపడం కుదరదనీ, ఆఫీసు పని ఏదైనా ఇస్తారనీ చెప్పారు. మా ఆయన అన్నిటికీ "సరే సార్" అన్నారు.

బయట బెంచీ మీద కూర్చున్నాం. పక్కన ఎవరో నర్సు గట్టిగా పేర్లు పిలుస్తోంది. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని, కిందికి చూస్తూ అడిగారు.

"నీకు కానొచ్చిందా, ఆ రెండోది?"

"కనిపించిందండీ."

"ఏముండె?"

"పసుపు."

"చెప్పలే మరి."

"చెప్పలేదు."

ఆయన తల ఊపారు. కళ్లనిండా నీళ్లున్నాయి, తుడుచుకోలేదు. నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నారు. దవాఖానలో, అంతమంది ముందు, పెళ్లయ్యాక మొదటిసారి.

"మంచిగ జేసినవ్" అన్నారు.